పాఠ్య ప్రణాళికకు కృత్రిమ మేధ: ఏ పనికి ఏ పనిముట్టు?

రేపు ఐదు పీరియడ్లు. మూడు తరగతులు, రెండు సబ్జెక్టులు. యూనిట్ పరీక్ష పేపర్లు ఒక కట్ట దిద్దకుండా అలాగే ఉంది. ఇలాంటి సాయంత్రం ఎవరైనా వచ్చి "కృత్రిమ మేధను అడిగితే పాఠ్య ప్రణాళిక రెండు నిమిషాల్లో రాసిస్తుంది" అంటే ఆశ పుట్టడం సహజం. ఆ వెంటనే ఏది వాడాలన్న ప్రశ్న వస్తుంది. చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్ లాంటి చాట్‌బాట్‌లా? ఉపాధ్యాయుల కోసమే తయారైన మ్యాజిక్‌స్కూల్ లాంటివా? మన పాఠ్యపుస్తకాన్ని చదివి అందులోంచే జవాబిచ్చే నోట్‌బుక్‌ఎల్‌ఎం లాంటిదా? నేరుగా పిల్లల చేతికి ఇవ్వదగ్గవేమైనా ఉన్నాయా?

నేను గణితం, భౌతికశాస్త్రం చెబుతాను. రెండేళ్లుగా వీటిలో చాలావాటిని నా పాఠాల తయారీకి వాడి చూశాను. ఏది ఎక్కువ తెలివైనదని వెతికినంత కాలం నాకు ఎంపిక తేలలేదు. అది రాసిచ్చిన దానిలో తప్పు ఉంటే నేను ఎంత త్వరగా పట్టుకోగలనని చూసుకోవడం మొదలుపెట్టాక తేలింది. అందుకే ఈ పోలికలో మిగతా కొలబద్దలన్నిటికన్నా దానికే ఎక్కువ బరువు ఇచ్చాను.

## సమయం నిజంగా మిగులుతుందా?

మిగులుతుంది, కానీ ప్రకటనల్లో చెప్పినంత కాదు. ఇంగ్లండ్‌లోని ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ దీన్ని ఒక ప్రయోగంగా పరీక్షించి 2024 డిసెంబరులో ఫలితాలు ప్రకటించింది. 68 పాఠశాలల నుంచి 259 మంది సైన్స్ ఉపాధ్యాయులు పాల్గొన్నారు. ఒక వర్గానికి చాట్‌జీపీటీతో పాటు దాన్ని ఎలా వాడాలో చెప్పే మార్గదర్శిని కూడా ఇచ్చారు. రెండో వర్గం మామూలుగానే ప్రణాళికలు రాసుకుంది. వాడినవారికి వారానికి సుమారు 56 నిమిషాలు పడితే, వాడనివారికి దాదాపు 81 నిమిషాలు పట్టింది. అంటే 31 శాతం ఆదా. ఎవరు దేనితో తయారు చేశారో తెలియని నిపుణులు ఆ పాఠాల సామగ్రిని చూసి, నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు.

అమెరికాలో వాల్టన్ ఫ్యామిలీ ఫౌండేషన్‌తో కలిసి గాలప్ చేసిన సర్వేలో, వారం వారం కృత్రిమ మేధ వాడే ఉపాధ్యాయులు తమకు వారానికి 5.9 గంటలు మిగులుతున్నాయని చెప్పారు. అది ప్రణాళికతో పాటు అన్ని పనులకూ కలిపి వాళ్లు వేసుకున్న సొంత అంచనా. మొదటిది ఒకే పనికి సంబంధించి, వాడనివారితో పోల్చి చూసిన లెక్క. నేను మొదటిదాన్నే నమ్ముకుని నా వారాన్ని సర్దుకుంటాను. వారానికి పాతిక నిమిషాలు చిన్నదేమీ కాదు. వెనుకబడిన నలుగురు పిల్లలను పిలిచి కూర్చోబెట్టుకోవడానికి అది చాలు.

## పోల్చే ముందు చూడాల్సినవి

తప్పు పట్టడానికి పట్టే సమయం. దీని విలువ నాకు ఒక పాఠంతో తెలిసింది, దాన్ని వివరంగానే చెప్పాలి. ఆరో తరగతికి దశాంశాలను పోల్చడం చెప్పాల్సి వచ్చింది. పిల్లలకు ఎంత అర్థమైందో తెలుసుకోవడానికి ఐదు ప్రశ్నలు కావాలని ఒక చాట్‌బాట్‌ను అడిగాను. క్షణాల్లో ఇచ్చింది. ప్రతి జతలో పెద్దది ఏది?

0.4, 0.35
0.7, 0.62
0.9, 0.125
0.5, 0.48
0.8, 0.79

ప్రశ్నలు సరైనవే, జవాబులూ సరైనవే. అంకెలు ఎక్కువున్నదే పెద్ద సంఖ్య అనుకునే పిల్లలు వీటిలో దొరికిపోతారు. అందుకే నాకూ నచ్చి, నల్లబల్ల మీద రాసేశాను. ఒక అమ్మాయి ఐదింటికీ సరిగ్గా జవాబు రాసింది. ఆ తర్వాత ఎందుకో నోటితో 0.3, 0.45 లలో ఏది పెద్దదని అడిగితే 0.3 అంది. కారణం కూడా చెప్పింది: "పదో వంతు వందో వంతు కంటే పెద్దది కదండీ, అందుకని ఒక్క అంకె ఉన్నదే పెద్దది." వంతుల గురించి ఆమె చెప్పిన మాట నిజం. దాని మీద కట్టుకున్న సూత్రం మాత్రం తప్పు. ఆ ఐదు ప్రశ్నలూ ఆ తప్పును బయటపెట్టకపోగా పూర్తి మార్కులిచ్చి గట్టిపరిచాయి. ఎందుకంటే ఐదింటిలోనూ అంకెలు తక్కువున్న సంఖ్యే పెద్దది.

ఒక్కో ప్రశ్న సరైనదా కాదా అని చూసుకుంటూ పోతే ఈ లోపం ఎప్పటికీ కనబడదు. ఐదింటినీ పక్కపక్కన పెట్టి, "తప్పుడు సూత్రంతో కూడా పూర్తి మార్కులు తెచ్చుకునే వీలుందా?" అని అడగాలి. 0.3, 0.45 లాంటి జత ఇంకో రెండు కలిపితే సరిపోయేది. ఈ తనిఖీకి పట్టే సమయాన్ని లెక్కలో వేసుకోకుండా పనిముట్లను పోల్చడంలో అర్థం లేదు.

ఆధారం ఎక్కడిది. పనిముట్టు తన శిక్షణలో నేర్చుకున్నదాని నుంచి రాస్తోందా, మీరిచ్చిన పుస్తకం నుంచి రాస్తోందా? మొదటి రకంలో భాష ఎంత నమ్మకంగా ఉన్నా విషయం కల్పితం కావచ్చు. పైగా మీ పుస్తకంలో ఇంకా రాని భావనను ముందే వాడేస్తుంది.

తెలుగు. ఇది తెలుగులో పాఠం చెప్పేవారికి అన్నిటికన్నా ముందు చూడాల్సిన విషయం. 2024 మేలో చాట్‌జీపీటీ వెనక పనిచేసే నమూనాగా (మోడల్‌గా) జీపీటీ-4ఓను ప్రకటించినప్పుడు, దాని తయారీ సంస్థ ఓపెన్‌ఏఐ ఒక లెక్క ఇచ్చింది: అదే తెలుగు వాక్యాలకు పాత నమూనాలో 159 టోకెన్లు పడితే కొత్తదానిలో 45 సరిపోతున్నాయని. టోకెన్ అంటే నమూనా వాక్యాన్ని కోసుకునే ముక్క. ముక్కలు తగ్గితే జవాబు త్వరగా వస్తుంది, ఒక్కసారిగా ఎక్కువ పాఠాన్ని ఇవ్వవచ్చు. ఇవి తెలుగు రాసే తీరు ఈ మధ్య బాగా మెరుగైంది. కానీ వాక్యం సాఫీగా ఉన్నంత మాత్రాన పారిభాషిక పదం సరిగా పడిందని కాదు. భౌతికశాస్త్రం పుస్తకంలో వడి వేరు, వేగం వేరు. వడికి దిశ లేదు, వేగానికి ఉంది. మామూలు మాటల్లో రెండూ ఒకటే కాబట్టి చాట్‌బాట్‌లు రెండు చోట్లా "వేగం" అనే రాస్తుంటాయి. బలం, శక్తి, సామర్థ్యం అన్న మూడింటినీ ఒకదాని స్థానంలో ఇంకొకటి వాడేస్తుంటాయి. ఆ మూడింటి తేడా చెప్పడానికే పెట్టుకున్న పాఠంలో అలా జరిగితే ప్రణాళిక మొత్తం పనికిరాదు. విరుగుడు కష్టమైనదేమీ కాదు. పాఠం చివర పుస్తకంలో ఉన్న పదాల పట్టికను ప్రశ్నకు ముందే ఇచ్చి, "ఈ పదాలనే ఈ అర్థాల్లోనే వాడు" అని చెప్పాలి.

పిల్లల వివరాలు. పేరు, మార్కులు, ఆరోగ్యం, ఇంటి పరిస్థితి వంటివి ఏ ఉచిత చాట్‌బాట్‌లోనూ పెట్టకూడదు. "ఒక విద్యార్థి భిన్నాల కూడికలో హారాలను కూడేస్తున్నాడు" అంటే సరిపోయే చోట పేరుతో పనేముంది? ఇందులో నేను సర్దుబాటుకు ఒప్పుకోను.

ఖర్చు, ఉచిత పరిమితులు తరచూ మారుతుంటాయి. వాటిని చూసి ఎంచుకుంటే ఆరు నెలలకొకసారి మళ్లీ ఎంచుకోవాల్సి వస్తుంది.

## సాధారణ చాట్‌బాట్‌లు

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. క్లాడ్, మొదట బార్డ్ పేరుతో వచ్చిన జెమినై, కోపైలట్ 2023లో అందుకున్నాయి. పాఠ్య ప్రణాళిక వరకు చూస్తే వీటి మధ్య తేడా కన్నా, మీరు అడిగే తీరులోని తేడాయే ఫలితాన్ని ఎక్కువ మారుస్తుంది. "కిరణజన్య సంయోగక్రియకు పాఠ్య ప్రణాళిక ఇవ్వు" అంటే ఏ దేశంలోని ఏ తరగతికైనా అతికే, ఏ తరగతికీ సరిపోని ప్రణాళిక వస్తుంది. అందులో వీడియో ఉంటుంది, బృంద చర్చ ఉంటుంది, ప్రదర్శన ఉంటుంది. నిమిషాలు కూడి చూస్తే 40 నిమిషాల పీరియడ్‌కు 55 అవుతాయి.

నేను అడిగే తీరు ఇది:

"ఏడో తరగతి, 42 మంది, 40 నిమిషాలు. నల్లబల్ల, పాఠ్యపుస్తకం తప్ప వేరే సామగ్రి లేదు. మొక్క బరువు ప్రధానంగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి, నీటి నుంచి వస్తుందని పిల్లలు గ్రహించాలి. మొక్క మట్టిని తిని పెరుగుతుందని వారిలో చాలామంది నమ్మకం. ప్రణాళిక రాయకు. ముందుగా ఆ నమ్మకాన్ని కదిలించే మూడు ప్రశ్నలు ఇవ్వు, ఒక్కోదానికి పిల్లలు చెప్పే అవకాశమున్న తప్పు జవాబులు రాయి."

"ప్రణాళిక రాయకు" అనడం ముఖ్యం. పాఠం ఎటు నడవాలన్నది నా చేతిలోనే ఉంటుంది. అది అందించేవి ముడిసరుకు: ప్రశ్నలు, ఉదాహరణలు, పోలికలు, పిల్లలు ఎక్కడ తడబడతారన్న ఊహలు. ఒకే భావనకు పది ఉదాహరణలు అడిగి ఎనిమిది పారేసినా నష్టం లేదు. ఆ పనిలో వీటికి సాటి లేదు.

బలహీనత ఆధారం దగ్గర. చరిత్ర, సాంఘికశాస్త్రం, సాహిత్యం చెప్పేవారికి ఇది పెద్ద చిక్కు. తేదీ, పద్యపాదం, ఎవరో అన్న మాట, ఏదైనా సరే కల్పించి అచ్చం నిజంలా రాయగలవు. గణితంలో తప్పును లెక్క చేసి పట్టుకోవచ్చు. పద్యపాదం విషయంలో మూలం తెరిచి చూడక తప్పదు, ఆ చూడటానికే మిగిలిందనుకున్న సమయం సరిపోతుంది.

## మీ పుస్తకం లోపలే తిరిగేవి

గూగుల్ వారి నోట్‌బుక్‌ఎల్‌ఎం పద్ధతి వేరు. మీరు ఎక్కించిన పత్రాల ఆధారంగానే జవాబిస్తుంది, ప్రతి వాక్యం పక్కన అది ఏ భాగం నుంచి తీసిందో చూపిస్తుంది. ఉచిత ఖాతాలో ఒక్కో నోట్‌బుక్‌కు 50 పత్రాల వరకు ఎక్కించవచ్చు. ఒక తరగతి పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయ కరదీపిక, గత ప్రశ్నపత్రాలు అన్నీ అందులో పట్టేస్తాయి.

నా కొలబద్దతో చూస్తే దీనికే మొదటి స్థానం. "ఈ యూనిట్‌లో ఇంతవరకు వచ్చిన భావనలతోనే పది ప్రశ్నలు ఇవ్వు" అంటే ఇస్తుంది, ఏ పేరాలోంచి తీసిందో నొక్కి చూసుకోవచ్చు. వెతకాల్సిన పని లేకపోవడంతో తనిఖీ నిమిషాల్లో అయిపోతుంది. పుస్తకం పరిధి దాటదు కాబట్టి సాంఘికశాస్త్రం, భాషా పాఠాలకు మరీ ఉపయోగం. అయితే పుస్తకంలో తప్పుంటే ఆ తప్పునే తిప్పి చెబుతుంది. కొత్త ఉదాహరణలు, పుస్తకానికి అవతలి ఊహలు కావాలంటే చాట్‌బాట్ దగ్గరికే వెళ్లాలి. పుస్తకంలోని వాక్యాన్ని సరిగ్గా చూపించి, దాని అర్థాన్ని కొంచెం పక్కకు లాగే ప్రమాదం కూడా ఉంది. మూలం చూపించింది కదా అని చదవడం మానకూడదు.

తెలుగు పుస్తకాలతో ఒక చిక్కు ఉంది, చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. పాత డీటీపీ ఫాంట్లతో అచ్చువేసిన పీడీఎఫ్‌లలో కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల మాత్రం యూనికోడ్ తెలుగు ఉండదు. యంత్రానికి కనిపించేది అర్థం లేని గుర్తుల వరుస. ముందే పరీక్షించుకోవచ్చు: పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరే చోట అతికించండి. తెలుగు అక్షరాలే పడితే ఆ పుస్తకం పనికొస్తుంది. పిచ్చి గుర్తులు పడితే ఆ పేజీలను చిత్రాలుగా మార్చి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అది చిత్రంలోని తెలుగును గుర్తించి మామూలు పాఠంగా మారుస్తుంది. ఒత్తులు, సూత్రాలు కొన్ని చెదురుతాయి, వాటిని చేత్తో దిద్దుకోవాలి. ఒక్కో పాఠానికి ఆ శ్రమ ఒక్కసారే.

## ఉపాధ్యాయుల కోసమే తయారైనవి

మ్యాజిక్‌స్కూల్‌లో ప్రశ్న ఎలా అడగాలో తెలియనవసరం లేదు. పాఠ్య ప్రణాళికకు ఒక పెట్టె, రూబ్రిక్‌కు (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టికకు) ఒకటి, వర్క్‌షీటుకు ఒకటి ఉంటాయి, తరగతి, అంశం నింపితే చాలు. డిఫిట్ ఒకే పాఠాన్ని వేర్వేరు చదువు స్థాయిలకు తిరిగి రాసిస్తుంది. చదవడంలో వెనుకబడినవారు, ముందున్నవారు ఒకే గదిలో ఉన్నప్పుడు ఆ ఒక్క పని ఎంత భారమో చేసినవారికే తెలుసు.

ఈ వర్గంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇంగ్లండ్‌లోని ఓక్ నేషనల్ అకాడమీ 2024లో తెచ్చిన ఐలా. అది ప్రణాళికను ఒక్కసారిగా రాసి చేతిలో పెట్టదు. అభ్యసన ఫలితం ఏమిటో ముందు తేల్చుతుంది. తర్వాత పూర్వజ్ఞానం, పిల్లల్లో ఉండే అపోహలు, పాఠం మొదట్లోనూ చివర్లోనూ అడిగే ప్రశ్నలు, ఇలా ఒక్కో మెట్టు దగ్గర ఆగి మీ ఒప్పుదల అడుగుతుంది. ప్రణాళిక రాసే ఉపాధ్యాయుడి మనసులో నడిచే క్రమం అదే. అది ఇంగ్లండ్ పాఠ్యక్రమం కోసం కట్టింది కాబట్టి మిగతావారికి నేరుగా సరిపోదు. ఆ క్రమాన్ని మాత్రం ఏ చాట్‌బాట్‌తోనైనా పాటించవచ్చు: "ఒక్కో మెట్టు తర్వాత ఆగు, నేను సరే అన్నాకే ముందుకు వెళ్లు" అంటే చాలు.

ఈ వర్గంలోని చాలా పనిముట్ల లోపలా పైన చెప్పిన చాట్‌బాట్‌ల నమూనాలే పనిచేస్తుంటాయి. మీరు చెల్లించేది, లేదా ఖాతా తెరిచి ఇచ్చేది, ప్రధానంగా ఆ పెట్టెల సౌకర్యానికే. అడగడం చేతనైన ఉపాధ్యాయుడికి ఆ సౌకర్యం కొన్నాళ్లకు ఇరుకవుతుంది. తెలుగు కూడా వీటిలో రెండో వరుసలోనే ఉంటుంది.

## పిల్లల చేతికి ఇచ్చేవి

ఇక్కడ కాస్త నిదానించాలి. టర్కీలోని ఒక ఉన్నత పాఠశాలలో దాదాపు వెయ్యి మంది విద్యార్థులతో గణితంలో ఒక ప్రయోగం జరిగింది, దాని ఫలితాలు 2025లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చాయి. ఒక వర్గానికి మామూలు చాట్‌బాట్ లాంటిది ఇచ్చారు. రెండో వర్గానికి ఇచ్చినదాన్ని జవాబు నేరుగా చెప్పకుండా, ఉపాధ్యాయులు రాసిచ్చిన సూచనలతో నడిపించేలా మలిచారు. అభ్యాసం చేస్తున్నప్పుడు, ఏ పనిముట్టూ ఇవ్వని మూడో వర్గం కన్నా మొదటి వర్గం 48 శాతం, రెండో వర్గం 127 శాతం మెరుగ్గా చేశాయి. తర్వాత పనిముట్టు తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవారు, దాన్ని అసలు చూడనివారికన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. సూచనలతో నడిచిన వర్గానికి ఆ నష్టం దాదాపు లేదు. అయితే చెప్పుకోదగ్గ లాభమూ కనబడలేదు.

హోంవర్కులో మార్కులు పెరుగుతున్నాయని సంతోషపడే ముందు ఈ ఫలితాన్ని ఒకసారి తలచుకోవాలి. ఖాన్ అకాడమీ 2023 మార్చిలో తెచ్చిన ఖాన్‌మిగో జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్నలతో నడిపించే రకం. పిల్లలకు ఏదైనా ఇవ్వక తప్పదంటే అలాంటిదే ఇవ్వాలి, అదీ తరగతి గదిలో, మీ కళ్ల ముందు. చాట్‌బాట్‌లతో పిల్లలు సొంతంగా సంభాషించడానికి కనీస వయసు 13 ఏళ్లు ఉండాలని యునెస్కో 2023 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో సూచించింది.

దీనికి ఎదురుగా ఇంకో ప్రయోగం ఉంది. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పనిముట్టును పిల్లలకు కాకుండా వారికి గణితం చెప్పే 900 మంది ట్యూటర్లకు ఇచ్చారు. పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఏమని అడిగితే బాగుంటుందో అది ట్యూటర్‌కు సూచిస్తుంది. పాఠ్యాంశంలో పట్టు సాధించే పిల్లల శాతం 4 పాయింట్లు పెరిగింది. అంతవరకు బలహీనంగా ఉన్న ట్యూటర్ల దగ్గర 9 పాయింట్లు పెరిగింది. రెండు ప్రయోగాలూ పక్కపక్కన పెట్టుకుంటే నా మొగ్గు ఎటో చెప్పనక్కరలేదు. తరగతిలో పనిముట్టు ఉండాల్సిన చోటు ఉపాధ్యాయుడి చేయి.

## సొంత కంప్యూటర్‌లో నడిచేవి

ఇంటర్నెట్ నిలకడగా లేనిచోట, పిల్లల సమాచారం బయటికి పోకూడదని గట్టిగా అనుకునేచోట ఇది దారి. ఓలామా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లామా, జెమ్మా వంటి నమూనాలను ఒకసారి దించుకుంటే తర్వాత ఇంటర్నెట్ అక్కరలేదు. చిన్న నమూనాలకు సాధారణంగా 8 జీబీ ర్యామ్ ఉంటే మంచిది. చిన్న నమూనాల్లో తెలుగు బలహీనం, తప్పులూ ఎక్కువే. ఇంగ్లీషు మాధ్యమంలో వర్క్‌షీట్ల తయారీకి పనికొస్తాయి, తెలుగు పాఠానికి నేను సూచించను.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | తనిఖీ సమయం | ఆధారం | తెలుగు | బాగా పనికొచ్చేది |
|---|---|---|---|---|
| సాధారణ చాట్‌బాట్ | గణితంలో తక్కువ, చరిత్ర, సాహిత్యాల్లో చాలా ఎక్కువ | శిక్షణలో నేర్చినది | బాగుంది, పదజాలం చూసుకోవాలి | ఉదాహరణలు, ప్రశ్నలు, అపోహల ఊహ |
| నోట్‌బుక్‌ఎల్‌ఎం | తక్కువ | మీరిచ్చిన పత్రాలు | యూనికోడ్ పుస్తకమైతే బాగుంది | పుస్తకం పరిధిలో ప్రశ్నలు, పునశ్చరణ |
| ఉపాధ్యాయుల పనిముట్లు | మధ్యస్థం | ఎక్కువగా శిక్షణలో నేర్చినది | అంతంతమాత్రం | వర్క్‌షీట్లు, రూబ్రిక్‌లు, స్థాయిల వారీ పాఠాలు |
| పిల్లల ట్యూటర్లు | తనిఖీకి వీలు తక్కువ | పనిముట్టును బట్టి | అంతంతమాత్రం | మీ ఎదుట చేసే అభ్యాసం |
| సొంత కంప్యూటర్‌లో | ఎక్కువ | శిక్షణలో నేర్చినది | బలహీనం | ఇంటర్నెట్ లేనిచోట ఇంగ్లీషు సామగ్రి |
| మీ పాత ప్రణాళిక | దాదాపు శూన్యం | మీ అనుభవం | మీదే | గతంలో బాగా నడిచిన పాఠం |

చివరి వరుసను కావాలనే చేర్చాను. గత ఏడాది బాగా నడిచిన పాఠం మీ నోటుపుస్తకంలో ఉంటే దాన్ని తెరవండి. ఎక్కడ పిల్లలు తడబడ్డారో మార్జిన్‌లో రాసుకుని ఉంటే ఏ యంత్రమూ ఇవ్వలేనిది మీ దగ్గర ఉన్నట్టే. ఆ ఒక్క తడబాటు గురించే చాట్‌బాట్‌ను అడిగితే పని పది నిమిషాల్లో ముగుస్తుంది.

## మీరు ఎవరైతే ఏది

ఉద్యోగంలో మొదటి రెండేళ్లలో ఉన్నవారు. మీకే వీటి మీద ఆశ ఎక్కువ, ప్రమాదమూ మీకే ఎక్కువ. పిల్లలు ఎక్కడ జారతారో ఇంకా అనుభవంలోకి రాలేదు కాబట్టి, ప్రణాళిక చూడటానికి బాగుంటే చాలు బాగుందనిపిస్తుంది. నా సలహా: ప్రణాళిక మొదట మీరే అర పేజీలో రాసుకోండి. తర్వాత దాన్ని చాట్‌బాట్‌కు ఇచ్చి, "ఈ పాఠంలో పిల్లలకు ఎక్కడ అర్థం కాకపోవచ్చు? నేను వదిలేసిన పూర్వజ్ఞానం ఏమిటి?" అని అడగండి. వారంలో ఒక ప్రణాళికను అనుభవమున్న సహోపాధ్యాయులకు చూపించండి. దశాంశాల ప్రశ్నల్లో నేను చేసిన తప్పును ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవారు ఒక్క చూపులో పట్టుకుంటారు.

అనుభవమున్నవారు. మీ దగ్గర తీర్పు ఉంది, సమయం లేదు. సాధారణ చాట్‌బాట్ మీకే అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే పనికిరానిదాన్ని చూడగానే తీసి పక్కన పెట్టగలరు. ఒకే రకం లెక్కలు ఇరవై, అంకెలు మార్చి కావాలంటే అడగండి. జవాబుల పట్టిక మాత్రం మీరే తయారు చేసుకోండి.

ఒకే గదిలో రెండు మూడు తరగతులు చెప్పేవారు. ఒక తరగతికి పాఠం చెబుతున్నంతసేపు మిగతావారు సొంతంగా చేసుకునే పని కావాలి. పుస్తకం ఆధారంగా, మెట్లుమెట్లుగా పెరిగే అభ్యాసాలు తయారు చేయించుకోవడంలో నోట్‌బుక్‌ఎల్‌ఎం మీకు బాగా సాయపడుతుంది. కాగితం మీద రాసిచ్చేవే అడగండి.

భాష చెప్పేవారు. పద్యానికి ప్రతిపదార్థం, అలంకారం, ఛందస్సు వీటిని నమ్మి అడగవద్దు. గణవిభజన చేయమంటే గురులఘువులను తప్పుగా గుర్తించి, అదే సరైనదని గట్టిగా చెబుతాయి. వ్యాస రచనకు అంశాలు, చర్చకు రెండు వైపుల వాదనలు, ఒకే పేరాను సులభంగా తిరగరాయడం వరకు వాడండి. ఒక మంచి కృత్యం కూడా ఉంది: చాట్‌బాట్ రాసిన పేరాను పిల్లలకు ఇచ్చి, ఏ వాక్యం తెలుగులా లేదో వెతికించండి. పిల్లల చెవి పదునెక్కుతుంది.

పాఠశాల మొత్తానికి నిర్ణయించాల్సిన ప్రధానోపాధ్యాయులు. ముందు పిల్లల సమాచారంపై నియమం రాయండి, తర్వాతే పనిముట్టు ఎంచండి. ఒక సబ్జెక్టు, ఇద్దరు ముగ్గురు ఇష్టమున్న ఉపాధ్యాయులతో ఒక యూనిట్ నడిపి చూడండి. మిగిలిన నిమిషాలతో పాటు తనిఖీకి పోయిన నిమిషాలను కూడా రాయించండి. అందరూ వాడాలన్న ఆదేశం ఇవ్వకండి.

## మార్కులు, నకలు పట్టడం

పిల్లల జవాబులు దిద్దే పనిని నేను వీటికి అప్పగించను. తప్పు జవాబు వెనక పిల్ల ఏమనుకుందో దిద్దేటప్పుడే తెలుస్తుంది. రేపటి ప్రణాళిక అక్కడే పుడుతుంది.

విద్యార్థి రాసింది కృత్రిమ మేధతో రాసిందేనా అని చెప్పే సాఫ్ట్‌వేర్‌లను మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి. ఓపెన్‌ఏఐ స్వయంగా 2023 జనవరిలో అలాంటిదొకటి తెచ్చింది. యంత్రం రాసినవాటిలో 26 శాతాన్నే అది సరిగ్గా గుర్తించింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివని పొరబడింది. కచ్చితత్వం చాలదని ఆ ఏడాది జులైలో ఆపేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల గుర్తింపు సాఫ్ట్‌వేర్‌లను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివారు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవని తేలాయి. కష్టపడి సొంతంగా రాసిన పిల్లను దొంగ అనడం కన్నా, ఇద్దరు నకలు కొట్టి తప్పించుకోవడమే నయం. అనుమానముంటే పక్కన కూర్చోబెట్టుకుని, రాసిన దాని గురించి రెండు ప్రశ్నలు నోటితో అడగండి.

## ఎక్కడ మొదలుపెట్టాలి

ఇంకా తేల్చుకోలేకపోతే, వచ్చే రెండు వారాల్లో మీరు చెప్పబోయే ఒక్క యూనిట్‌ను తీసుకోండి. పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి అతికించి తెలుగు సరిగా వస్తోందో చూసుకుని, ఆ పాఠాన్ని నోట్‌బుక్‌ఎల్‌ఎంలో ఎక్కించండి. యూనిట్ చివర అడగాల్సిన ప్రశ్నలు ముందు దానితో తీయించండి. వాటిని పక్కపక్కన పెట్టి, ఏ తప్పుడు సూత్రంతో ఆ ప్రశ్నలన్నీ దాటిపోవచ్చో మీరే వెతకండి. దొరికిన లోపాన్ని చాట్‌బాట్‌కు చెప్పి, దాన్ని పట్టే రెండు ప్రశ్నలు అడగండి. ఆ ప్రశ్నలు తరగతిలో పెట్టిన రోజున, అందరికన్నా తడబడే పిల్ల ఏమి రాసిందో ముందు చూడండి. అక్కడ కొత్త తప్పు కనిపిస్తే మార్జిన్‌లో తేదీ వేసి రాసుకోండి, వచ్చే ఏడాది ఇదే యూనిట్ దగ్గరికి వచ్చినప్పుడు మొదట తెరవాల్సింది ఆ పేజీనే.